తేమ పోను తొంభై నాలుగున్నర

నాకు తెలిసినంతవరకు మా వైపు కిడ్నీలు ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకు వెళ్తాయి. తల్లి కొడుక్కిస్తుంది, భార్య భర్తకిస్తుంది, అక్క తమ్ముడికిస్తుంది. అలాంటిది నేను నా భార్యకు ఇస్తానన్నాను. ఇవ్వలేదు, ఇస్తానన్నాను. దానికే మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో నాకు శాలువా కప్పారు.

నా పేరు భీమ్‌రావు. తహసీల్ ఆఫీసులో గుమస్తాని. వచ్చిన ప్రతి కాగితం మీద 'ముట్టింది' అని ముద్ర కొట్టి లోపలికి పంపడం నా పని. లోపల దానికి ఏమవుతుందో నాకు తెలియదు, నేను అడగను. ఇరవై రెండేళ్ల నుంచి కూర్చుని చేసే పని కాబట్టి, కూర్చోవడం వల్ల రావలసినవన్నీ నాకు వచ్చాయి.

సుజాతకు రెండేళ్ల నుంచి డయాలసిస్. వారానికి రెండుసార్లు ప్రాణహిత దాటి మంచిర్యాల వెళ్ళి వస్తుంది. చేతిలో సూది గుచ్చడానికి తయారుచేసిన నరం ఒకటి మూసుకుపోయింది. రెండోదీ బలహీనపడుతోందని, అది కూడా పోతే చోటు వెతుక్కోవలసి వస్తుందని, ఆలస్యం చేయొద్దని నాగ్‌పూర్ డాక్టరమ్మ చెప్పింది. చుట్టాలందరిలో సరిపోయింది నా కిడ్నీ ఒక్కటే. సరిపోనిది నా పొట్ట.

డాక్టరమ్మ నన్ను మిషను ఎక్కించింది. నూట ఒక్క కిలో. ఆరు వారాల్లో తొంభై అయిదుకు వస్తే మిగతా పరీక్షలు మొదలుపెడతానంది. రాకపోతే నా ఫైలు పక్కన పెట్టి, సుజాత పేరు చనిపోయినవాళ్ళ కిడ్నీల కోసం ఎదురుచూసేవాళ్ళ లిస్టులో రాస్తానంది. అదంతా మరాఠీలో చెప్పింది కాబట్టి వినడానికి మర్యాదగానే ఉంది.

మొదటి వారం చాలా ఉత్సాహంగా గడిచింది. అందులో మూడు రోజులు కొనడానికే పోయాయి. బూట్లు, ట్రాక్ ప్యాంటు, మూత దగ్గర నుంచి గొట్టం వచ్చే నీళ్ళ సీసా, అడుగులు లెక్కపెట్టే గడియారం. నాలుగో రోజు నడిచాను. వంతెన సగం దాకా వెళ్ళి, నదిని చూస్తున్నట్టు నిలబడి ఊపిరి తీసుకుని వెనక్కి వచ్చాను. రాత్రికి రెండు జొన్నరొట్టెలు, ఉప్పు లేని సొరకాయ. సుజాత తినేది కూడా అదే. ఆమె రెండేళ్లుగా తింటోంది. నేను నాలుగు రోజులకే లోకం మీద విరక్తి పుట్టి, ఆఫీసులో ఒక ముసలాయన అర్జీ మీద ముద్ర తలకిందులుగా కొట్టాను.

బరువు చూసుకోవడం ఇంకో సమస్య. బస్టాండు దగ్గర మందుల షాపు ముందు ఒక మిషను ఉంది. దాని మీద ఎవరు ఎక్కినా చుట్టూ నలుగురు చేరతారు. నేను ఎక్కిన రోజు పక్క కొట్టులో టీ తాగుతున్న దేవయ్య గ్లాసు పట్టుకునే వచ్చి అంకె గట్టిగా చదివి, నాకంటే ముందు ఎక్కినాయన అంకెతో కలిపి మొత్తం కూడా చెప్పాడు. అందుకని కిష్టన్న షెడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టాను.

కిష్టన్న నాతో పదో తరగతి దాకా చదివాడు. ఇప్పుడు వడ్లు కొంటాడు. నదుల ఒడ్డున పండే వడ్లలో చాలావరకు అతని షెడ్డులోని కాంటా ఎక్కి దిగుతాయి. పెద్ద ఇనుప పలక మీద బస్తాలు వేస్తారు. అంకె కనబడే పెట్టె అతని కుర్చీ వైపు తిరిగి ఉంటుంది. పొద్దున్నే హమాలీలు రాకముందు, వారానికి ఒకసారి, ఆదివారం నేను ఆ పలక ఎక్కేవాడిని. ఎక్కగానే కళ్ళు మూసుకునేవాడిని. అంకె చూసే ధైర్యం లేక కాదు, శ్రద్ధ కోసం అని కిష్టన్నకు చెప్పాను.

మొదటి ఆదివారం అతను "తొంభై ఎనిమిది" అన్నాడు.

వారంలో మూడు కిలోలు. నేను అతన్ని కౌగిలించుకుందామనుకున్నాను కానీ మధ్యలో పొట్టలు అడ్డం వచ్చాయి. ఇంటికి వచ్చి సుజాతకు చెబితే నా మొహం వైపు కాసేపు చూసి, మంచిదే అంది. ఆమె ఆ వారం డయాలసిస్‌లో ఒక్క పూటలోనే మూడు కిలోల నీళ్ళు తీయించుకుని వచ్చింది. మా ఇంట్లో ఇద్దరమూ తగ్గుతున్నాం అనుకున్నాను.

రెండో వారం సత్కారం. సమాజ మందిరంలో కుర్చీలు వేశారు, శాలువా, కొబ్బరికాయ ఇచ్చారు. ముగ్గురు నా త్యాగం గురించి మాట్లాడారు. మూడోవాడు మాట్లాడుతుంటే నాకు కిడ్నీ అప్పటికే ఇచ్చేశానని నమ్మకం కలిగింది. సుజాతను కూడా వేదిక మీదికి పిలిచి, ఇంత మంచి భర్త దొరికినందుకు ఆమెను అభినందించారు. తర్వాత పూరీలు, గులాబ్‌జామ్. నేను వద్దన్నాను. కిడ్నీ ఇచ్చేవాడు తినకపోతే ఎలాగని అందరూ కలిసి నా విస్తరి నింపారు.

అక్కడి నుంచి ఊరంతా నన్ను బలపరచడానికి పూనుకుంది. త్యాగం చేసేవాడికి ఆకలి ఉండకూడదని మా వాళ్ళ నమ్మకం. పక్కింటి మల్లక్క సర్వపిండి పంపింది. ఆఫీసులో రోజుకొకరు డబ్బా తెచ్చారు. అందరికంటే మా అత్త కనకవ్వ ఎక్కువ చేసింది. అంకీస నుంచి బస్సులో రెండు నాటుకోళ్ళను సంచిలో పెట్టుకుని వచ్చింది. నేను సొరకాయ గిన్నె చూపించి డాక్టరు మాట చెప్పాను. ఆమె గిన్నె పక్కకు జరిపి, కూర వడ్డించి, నా ఎదురుగా కూర్చుంది.

"తిను బిడ్డా. నీ పానం మంచిగుంటెనే నా బిడ్డ పానం నిలుస్తది. నేను నీకు ఇంకేం ఇయ్యగల్గుత?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి, కూరలో నూనె ఉంది. నేను రెంటినీ కాదనలేకపోయాను. సుజాత లోపలి గదిలో పడుకుని గోడ వైపు తిరిగింది.

ఆ ఆదివారం భయపడుతూ కాంటా ఎక్కాను. వంతెన నుంచి నేరుగా వచ్చానేమో చొక్కా అంతా చెమట. కిష్టన్న నన్ను కిందికీ పైకీ చూసి "తొంభై ఏడు" అన్నాడు.

రెండు కోళ్ళు తిన్నా కిలో తగ్గాను. అంటే నా శరీరానికి ఏదో పద్ధతి ఉందని అర్థమైంది. మూడో వారం నుంచి ఆ పద్ధతి అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున ఒక మాట రాసేవాడిని. మనసు గట్టిదైతే పొట్ట మెత్తబడుతుంది, అలాంటివి. ములచేర నుంచి బదిలీ మీద వచ్చిన, ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ ఒకతను నన్ను చూసి రాత్రి అన్నం మానేశాడు. అతను నిజంగానే తగ్గాడని తర్వాత తెలిసింది. నడుము దగ్గర ప్యాంటు వదులైందని సుజాతకు చూపించాను. బొటనవేలు దూర్చి మరీ చూపించాను. ఆమె అవునంది.

నాలుగో వారం వానలు పట్టుకున్నాయి. కోసిన వరి కోసినట్టే కళ్లాల్లో తడిసింది. రైతులు దాని మీద టార్పాలిన్లు కప్పుతూ తిరిగారు. నేను ఆ వానలోనూ నడిచాను. నడవడమంటే వంతెన మొదలు దాకా వెళ్ళి, తడిసి రావడం. కిష్టన్న తొంభై అయిదున్నర అన్నాడు. అయిదో వారం ఇంకా ఎక్కువ తడిశాను. తొంభై నాలుగున్నర అన్నాడు. ఆ సాయంత్రం మా అత్త చేసిన గారెలు లెక్కపెట్టకుండా తిన్నాను. అర కిలో చేతిలో ఉంది కదా అనిపించింది.

ఆరో వారం నాగ్‌పూర్ వెళ్ళాం. గడ్చిరోలి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. దారంతా కిడ్నీ తీశాక ఎన్ని రోజులు సెలవు పెట్టాలో లెక్కలు వేశాను. సుజాత కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చుంది. ఆసుపత్రిలో బూట్లు విప్పి, జేబుల్లోవి తీసి, కళ్ళు తెరిచే మిషను ఎక్కాను.

నూట రెండు.

మిషను చెడిపోయిందని నర్సుకు చెప్పాను. ఆమె తనే ఎక్కి చూపించి దిగింది. ఆమె చాలా సన్నగా ఉంది, మిషను కూడా అదే చెప్పింది. నేను వరండాలోకి వచ్చి కిష్టన్నకు ఫోన్ చేశాను. మొన్న ఆదివారం నా బరువు ఎంతని అడిగాను. తొంభై నాలుగున్నర అని మళ్ళీ చెప్పాడు.

"కాంటా మీద ఏం చూపెట్టిందే?"

"కాంటా మీదనా? నూట రెండున్నర చూపెట్టింది."

"మరి నాకు తొంభై నాలుగున్నర ఎట్ల జెప్పినవ్?"

"బస్తాకు తీసినట్టు బట్టలకు ఒకటి తీసిన. తరుగు రెండు. వానల తడిసి వస్తివి, తేమకు అయిదు తీసిన. నువ్వు దగ్గర దగ్గర క్వింటాల్ ఉన్నవ్ సార్, లెక్క అల్కగ అయింది."

"నేను వడ్లనారా?"

"కాంటా ఎక్కినదానికి నికరమే చెప్త సార్, ఇరువై ఏండ్ల సంది. పూరా బరువు ఎవలడుగుతరు? నువ్వు గూడ అడగకపోతివి. తరుగు ఎక్కువ తీసినవని అందరు నాతోటి లొల్లి వెట్టుకుంటరు. నువ్వొక్కనివే సంబురపడితివి. ఎంత మంచోడో అనుకున్న."

అతని మాటలో మోసం లేదు. తరుగు మీద రైతులు రాసుకునే అర్జీలు ప్రతి ఏడూ మా ఆఫీసుకు వస్తాయి. తడి పేరు చెప్పి ఎనిమిది కిలోలు కోస్తున్నారని, ఎలా బతకాలని రాస్తారు. ఈ వానల్లో కూడా ముప్ఫై దాకా వచ్చాయి. అన్నిటి మీదా నేనే ముద్ర కొట్టాను. ఒక్కటీ చదవలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. సుజాత చేతి నరం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నా ఫైలు మూసి పక్కన పెట్టి, వేరే కాగితం తీసి సుజాత పేరు రాసింది. లిస్టులో ఎన్నో నంబరని అడిగాను. చెప్పింది. ఆ నంబరు వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందని అడగబోయి సుజాత పక్కనే ఉందని ఆగాను. ఇంకో మూడు నెలలు టైమివ్వండి, నడుస్తానన్నాను. మీరు నడవండి, మంచిదే, కానీ ఈ నరం మూడు నెలలు ఆగుతుందని నేను చెప్పలేను అంది.

సాయంత్రానికి గడ్చిరోలి బస్టాండులో దిగాం. సిరొంచ బస్సుకు ఇంకా టైముంది. సిమెంటు బెంచీ మీద కూర్చుని కిష్టన్న సంగతి మొత్తం సుజాతకు చెప్పాను. తప్పంతా కాంటాదే అనిపించేట్టు చెప్పాను.

"నాకు ఎరుకే" అంది సుజాత.

ఎలా తెలుసని అడిగాను.

"నీ ప్యాంట్లు నేనే పిండుత గద. నడుముకాడ కుట్టు ఇప్పి వదులు చేసింది నేనే. రెండుపార్లు."

నా బొటనవేలు ఎక్కడ దూరిందో అప్పుడు అర్థమైంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగిన తీరు, ఆమె నన్ను మోసం చేసినట్టుగా వచ్చింది.

"చెప్తే తగ్గుదువా?"

నేను ఆలోచించాను. నిజాయితీగా ఆలోచించడం అదే మొదటిసారి కాబట్టి కొంత సమయం పట్టింది. అంతలో ఆమే అంది.

"పొద్దున లేచి ఈలేసుకుంట బూట్లు తొడుగుదువు. ఇంట్ల ఈల ఇని రెండేండ్లయింది. ఇంగో నాలుగు దినాలు ఇననీ అనుకున్న."

ఎదురుగా బండి మీద ఒకతను ఆలుబొండలు వేస్తున్నాడు. నూనె వాసన మా బెంచీ దాకా వచ్చింది. నేను చూడకుండా ఉండటానికి ఏటపల్లి బస్సు బోర్డు చదివాను. మళ్ళీ చదివాను.

"పో, తెచ్చుకో. నాకు గూడ ఒకటి తే" అంది సుజాత.

ఆలుగడ్డ, ఉప్పు. ఆమె తినకూడనివని రాసిచ్చిన కాగితంలో మొదటి రెండూ అవే. రెండేళ్లలో ఆమె వాటిని నాలుక మీద పెట్టలేదు. కనకవ్వ కోడి కూర వండిన రోజున కూడా వాసనకు గోడ వైపు తిరిగింది కానీ అడగలేదు. ఇప్పుడు అడిగింది. నేను వద్దనాలి. వద్దనే అధికారం ఆ బస్టాండులో ఎవరికైనా ఉండొచ్చు, నాకు మాత్రం లేదు.

కాగితంలో రెండు కట్టించుకుని వచ్చాను. ఆమె తనది రెండుగా విరిచి, లోపల పచ్చగా ఉన్న ఆలుగడ్డను కాసేపు చూసి, మెల్లగా తింది. చివరి ముక్క కూడా తిని, కాగితం మీద మిగిలిన ఉప్పును వేలితో అద్దుకుంది. ఎలా ఉందని నేను అడగలేదు.

నాకు ఆ రోజన్నా ఆకలి వేయకుండా ఉంటే బాగుండేది. వేసింది. నాది నేను తిన్నాను.