కుప్ప మీదికి విసరని గింజలు

1958లో జహీరాబాద్ గంజ్‌లో ధాన్యం కొనే దుకాణం పెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక కాంటా, మామగారిచ్చిన గోనె సంచులు, సరుకులో లోపం కనబడితే అక్కడికక్కడే అనేసే నోరు. ఆ నోటిని కూడా అప్పట్లో పెట్టుబడి కిందే లెక్కవేసుకున్నాను.

మా గంజ్‌లో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు కుప్పలోంచి గుప్పెడు తీసి ఒక గింజ కొరికి చూస్తాడు. నచ్చకపోతే మిగతావి కుప్ప మీదికే విసిరేస్తాడు. ఝరాసంగం రైతు గుండయ్య తెచ్చిన కందులను నేను నలుగురి ముందూ అట్లాగే విసిరాను. ఆయన బండిని ఎదురు దుకాణానికి మళ్లించాడు. ఆ ఊరి బండ్లన్నీ ఆయన వెంటే పోయాయి. మరుసటి పంటకూ అవి రాకపోతే నేను దుకాణం మూసుకోవలసిందే.

ఆ ఎండాకాలం సైకిల్ మీద పట్టుగుడ్డల మూటతో చెన్ అనే చీనా వర్తకుడు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మాట్లాడేది వచ్చీరాని ఉర్దూ. మా ఆవిడ శరణమ్మ సగం ధరకు అడిగింది. అతను కాదనలేదు. అంచు సన్నమని ఆమె అన్నది నిజమేనని ముందు ఒప్పుకున్నాడు. ఆ తరువాత, తన కన్నే సరిగ్గా చూడలేదేమో అంటూ గుడ్డను ఆమె చేతిలో పెట్టి వెలుతురులో చూడమన్నాడు. ధర మాత్రం పిసరంత కూడా దిగలేదు.

నాకు వింతగా తోచింది. ఇతని నోట ‘కాదు’ అనిపించాలని పట్టుబట్టాను.

“ఇది పట్టు కాదు, నూలు,” అన్నాను.

“నూలు ఇంత మెరిసే ఊరికి రావడం ఇదే మొదలు, సేట్‌జీ,” అని ఒక పోగు లాగి, అగ్గిపెట్టెతో సహా నా చేతికిచ్చాడు.

కాల్చాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అసలు పట్టే.

“గిట్ల మాట్లాడుడు నేర్వాలంటే మీరు చీనా దాక పోవాలె,” అన్నది శరణమ్మ.

మీ దేశంలో అందరూ ఇంతేనా అని చెన్‌ను అడిగాను. తమ ఇంట్లో తానే మొరటువాడినని చెప్పాడు.

కందులు మళ్లీ వచ్చాయి. ఎదురు దుకాణం ముందు బండ్లు నిండిపోయి, గుండయ్యకు నా ముందు ఆగక తప్పలేదు.

“ఏం సేటూ, ఈయేడు గూడ ఇసిరేస్తవా?” అన్నాడు. చుట్టూ నవ్వారు.

గుప్పెడు తీసి ఒక గింజ కొరికాను. పంటి కింద మెత్తగా నలిగింది. తడి. అందరూ నా చేతి వైపే చూస్తున్నారు.

“గింజ మంచి బరువున్నది, పటేలా. నా పల్లే మంచిగ లేదేమో, జర మీరే కొరికి చెప్పున్రి,” అని మిగిలిన గింజలు ఆయన అరచేతిలో పోశాను.

గుండయ్య ఒకటి నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు.

“నీ పల్లు మంచిగనే ఉన్నది,” అన్నాడు. “జర ఎండవెట్టాలె. నీ ముంగటనే ఎండవెడత, జాగ ఇస్తవా?”

ఇచ్చాను. వెనకొచ్చిన ఝరాసంగం బండ్లు కూడా అక్కడే నిలిచాయి.

చివరికి లెక్క చూసుకుంటే, వాకిట్లో పరిచిన కందులు ఎండేదాకా దుకాణంలోకి నడిచే దారి పోయింది. ఝరాసంగం సరుకు వచ్చింది. దాని మీద ఇంకొక లాభం కూడా కలిసింది: ఆ తరువాత ఏ ఏడైనా కందుల్లో తడి ఉంటే, గుండయ్య బండి దిగకముందే తనే చెప్పేవాడు.