గూబల ఫొటోకి సన్మానం

కేదార్ గారికి సన్మానం, ఫొటోలు నువ్వే తియ్యాలమ్మా అని అనంతరామయ్య మాస్టారు ఫోన్ చేస్తే సరేనన్నాను. సిగ్గూ అభిమానం ఉన్న మనిషైతే కుదరదని చెప్పేది. నాకు ఆ రోజు అభిమానం కంటే కోపం ఎక్కువగా ఉంది. కోపమొస్తే ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

చోడవరంలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. గాజు తలుపు మీద 'ఝాన్సీ డిజిటల్స్' అని ఉంటుంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, రిటైర్మెంట్లు, ఇవీ నా బతుకుతెరువు. పిట్టల ఫొటోలు మాత్రం నా సంతోషానికి. తెల్లవారగానే స్కూటీ వేసుకుని కె.కోటపాడు వైపు మా పెదనాన్న గణపతిరావు చెరుకుతోటకి పోయేదాన్ని. గట్టు మీద తల విరిగిన తాటిమోడు ఒకటి ఉండేది. దాని తొర్రలో గుడ్లగూబల జంట. ఒక్కోటీ పావురం కంటే చిన్నదే గానీ, పసుపు కళ్లతో తేరిపార చూస్తే తహసీల్దారు కూడా తల దించుకోవాల్సిందే.

గూబ కూస్తే చావు కబురొస్తుందని మా పైడితల్లి పెద్దమ్మ భయం. మోడు కొట్టించెయ్యమని పెదనాన్నని రోజూ పోరేది. వాదించీ వాదించీ నాకు నోరు నొప్పి పుట్టింది. చివరికి ఒక ఫొటో పెద్దది చేసి పట్టుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను. తొర్ర అంచున తల్లి గూబ, దాని ముక్కున ఇంత ఎలక.

పెద్దమ్మ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటే, మన సెరుకు మొదళ్లు కొరికేసే ఎలకేనా ఇది? అయితే ఇది మన పని సేస్తంది గదే!" అంది.

ఆ తర్వాత మోడు మీద ఎవడైనా రాయి విసిరితే ఆవిడే కర్ర పట్టుకుని లేచేది. పెదనాన్న అయితే చెరుకు నరికాక ఆకు తగలబెట్టేటప్పుడు మోడు చుట్టూ ఉన్న ఆకంతా దూరంగా లాగేసేవాడు. గాలి లేని పొద్దు చూసుకుని అప్పుడు అగ్గిపుల్ల గీసేవాడు.

ఆ ఫొటో ఇంకొకటి నా స్టూడియోలో తగిలించాను. ఈ కేదార్ గారు విశాఖపట్నంలో పెద్ద ఆఫీసరు. ఆయనకీ పిట్టల ఫొటోల సరదా, మోచెయ్యంత లెన్సు ఉంది. మెమరీ కార్డు కోసం వచ్చి ఆ ఫొటో చూసి, ఈ గూడు ఎక్కడమ్మా అని అడిగాడు. ఇటేపెక్కడో సార్ అన్నాను. గూడు చోటు బయట పెట్టకపోవడం పిట్టల ఫొటోలు తీసేవాళ్లకి మొదటి నియమం. ఆయనకి అది తెలియదా? తెలిసే అడిగాడు. అప్పుడు బెంచీ మీద మా పెదనాన్న ఉన్నాడు. "అది మా తోటలోదే బాబూ" అనేశాడు, ముఖం చేటంత చేసుకుని. ఆయన్ని ఏమనగలను? ఇంట్లో పిల్లలకి మంచి మార్కులొస్తే నలుగురికీ చెప్పుకోరా?

తర్వాతి వారం నేను వడ్డాదిలో పెళ్లికి వెళ్లిన రోజు చూసి కేదార్ గారు కారులో తోటకి దిగాడు. ఆ రోజు తోటలో అటు చివర ఆకు తగలబెడుతున్నారు. పొగ లేస్తే గద్దలు వచ్చేస్తాయి, మంటకి బయటపడే ఎలకల కోసం. గద్దల ఫొటోలు కావలసినన్ని తీసుకున్నాడు. అక్కడితో పోతే ఏ గొడవా లేదు.

"ఈ మోడు దగ్గర కూడా కాస్త ఆకు అంటించండి. గూబ బయటికొస్తుంది. వెనకాల మంట పడితే ఫొటో అదిరిపోతుంది" అన్నాడట.

"గాలి లేసింది బాబూ. తొర్రలో పిల్లలున్నాయి."

"ఏం కాదండీ, నేనున్నాను కదా!"

రెండోసారి కాదనడం మా పెదనాన్నకి చేతకాదు. నులకమంచం వాల్చి, చెరుకురసం ఇచ్చి కూర్చోబెట్టిన మనిషి, పైగా ఆఫీసరు. అలాంటివాడు నోరు తెరిచి అడిగితే లేదనడం ఆయన దృష్టిలో పాపం. తను దూరంగా లాగి పెట్టిన ఆకుని తన చేత్తోనే దగ్గరికి జరిపి అంటించాడు.

గాలి తిరిగింది. ఎండిన తాటిమోడు లోపల్నించి అంటుకుంది. తల్లి గూబ బయటికి ఎగిరింది, కేదార్ గారు ఫొటో తీశాడు. పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. మా పెదనాన్న, పెద్దమ్మ బోరు దగ్గర్నించి బిందెలతో పరిగెత్తుతుంటే ఆయన లెన్సుకి మూత పెట్టుకుని, థాంక్సండీ అని చెప్పి కారెక్కాడు. నేను వెళ్లేసరికి మోడు ఉన్నచోట నల్లటి మొద్దు మిగిలింది. పెద్దమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

అంతటితో ఊరుకున్నాడా? ఆ ఫొటోకి ఎక్కడో పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో పడింది. కింద ఏం రాయించాడో తెలుసా? 'రైతులు పెట్టే మంటల్లో బలైపోతున్న గుడ్లగూబలు'. ఊరి పేరూ, తోట ఎవరిదో కూడా వేయించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. రసం తాగిన గ్లాసు తడి ఆరకుండానే పెదనాన్నని హంతకుణ్ని చేశాడు. ఎవరో అధికారులు జీపులో వచ్చి ఊరందరి ముందూ చివాట్లు పెట్టారు. టీ కొట్టు దగ్గర 'గూబల్ని కాల్చినోడు' అనడం మొదలుపెట్టారు. ఆయన టీ కొట్టుకి వెళ్లడమే మానేశాడు.

"ఆడు పెట్టమన్నాడని సెప్పవేటి?" అని నేను అరిస్తే, "పెట్టింది నానే గదమ్మా" అన్నాడు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు. నాకు ఆయన్ని మొత్తాలనే అనిపించింది.

ఇప్పుడు సన్మానం. మాస్టారి ప్రకృతి మిత్రుల సంఘం వాళ్లు కేదార్ గారికే కాదు, ఆయన చేతుల మీదుగా పెదనాన్నకి కూడా శాలువా కప్పిస్తారట, ఇక మీదట మంట పెట్టనని మాటిచ్చిన రైతుగా. పెదనాన్న ఒప్పుకున్నాడు!

"మాస్టారు పిలిచేరు, ఎల్లాపోతే బాగోదు" అన్నాడు ఫోన్లో.

"కొట్టినోడి దగ్గరికెళ్లి సెయ్యి నొప్పెట్టిందా బాబూ అని అడిగినట్టుంది" అని విసురుగా ఫోన్ పెట్టేశాను.

మా ఊళ్లో సన్మానం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ఫొటో పడందే శాలువా కప్పినట్టు కాదు. కప్పేవాడు రెండు చేతులా శాలువా విప్పి పట్టుకుని, అలాగే ఆగి, ఫొటోగ్రాఫర్ వైపు చూస్తాడు. కప్పించుకునేవాడూ చూస్తాడు. సెల్‌ఫోన్లు వంద లేచినా సరే, స్టూడియో కెమెరా మెరిసి నేను 'అయింది' అనేదాకా ఎవరూ కదలరు. మంత్రులొచ్చినా అంతే.

కల్యాణమండపం నిండిపోయింది. వేదిక వెనక ఫ్లెక్సీ మీద మంటలోంచి ఎగురుతున్న ఆ తల్లి గూబ ఇంటి తలుపంత ఉంది. కేదార్ గారు ముందు తన శాలువా కప్పించుకున్నాడు, తీశాను. తర్వాత పెదనాన్నని పిలిచారు. ఇస్త్రీ చొక్కాలో వచ్చి నిలబడ్డాడు. కేదార్ గారు శాలువా విప్పి, ఆయన భుజాల వెనకగా ఎత్తి పట్టుకుని, నా వైపు తిరిగి నవ్వాడు.

నేను కెమెరా కిందికి దించాను.

"తియ్యమ్మా" అన్నారు మాస్టారు.

"తీస్తాను మాస్టారూ. ఆ మంట ఎవరెట్టమన్నారో సారుని ముందు మైకులో సెప్పమనండి."

కేదార్ గారి నవ్వు చెరగలేదు. చేతులు దించితే శాలువా జారిపోతుంది, అందుకని దించలేదు. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, ముందు ఫొటో తియ్యి" అన్నాడు మెల్లగా.

"ఏమిటిది గణపతీ?" అన్నారు మాస్టారు.

పెదనాన్న నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. వెనక్కి తిరిగి ఫ్లెక్సీ మీది గూబని కూడా చూశాడు. తర్వాత ముందున్న మైకు దగ్గరికి మెడ వంచాడు.

"మంట పెట్టింది నానే మాస్టారూ. పెట్టమన్నది ఈ బాబు. గాలుందని సెప్పేను, పిల్లలున్నాయనీ సెప్పేను. ఆయన ఇన్లేదు. నానూ ఆగలేదు. ఇద్దరం కలిసి సంపేం. సాలువా నాకొద్దు. ఆయన కప్పుకున్నదీ తీసెయ్యమనండి."

శాలువా కిందనుంచి తప్పుకుని మెట్లు దిగాడు. ఆడవాళ్ల వరసలోంచి పెద్దమ్మ లేచి ఆయన వెనకాల నడిచింది. దారిలో ఒకాయన కుర్చీ పక్కకి లాగి దారిచ్చాడు.

కేదార్ గారు ఇంకా అలాగే ఉన్నాడు. లోపల ఎవరూ లేని శాలువాని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, అలవాటు కొద్దీ నా వైపే చూస్తున్నాడు. వెనకాల మంట, గూబ.

అప్పుడు నొక్కాను.

"అయింది సార్" అన్నాను. "ఇంక సేతులు దించండి."