పాత కంపెనీలో ఉన్న ఒకే ఒక్క మంచి

ఆ ఇంటర్నెట్ కంపెనీ పేరెత్తితే చాలు, అపార్ట్‌మెంట్లో అందరూ మండిపడేవారు. చినుకు పడితే ఆగిపోతుంది, ఫోను చేస్తే గంటసేపు సంగీతం వినిపిస్తుంది. ఒక్కొక్కరే దానికో దండం పెట్టి కొత్త కంపెనీకి మారిపోయారు. మిగిలింది మూడో అంతస్తులో టైపు మేడం ఒక్కతే.

"మీ ఒక్కరి కోసం ఆ పాత వైర్లు గోడకి వేలాడుతున్నాయి వదినగారూ. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చండి," అని కింది వాటాలోని అపార్ట్‌మెంట్ కార్యదర్శి కొత్త కంపెనీ ఫారం చేతిలో పెట్టి వెళ్ళాడు.

ఆవిడ తేల్చడానికే కూర్చుంది. కొత్తదానికి వంక పెట్టడానికి లేదు. వేగం ఎక్కువ, ఆగదు. ఎప్పుడైనా ఆగినా ఎక్కడో కూర్చుని వాళ్ళే సరిచేసేస్తారు, మనిషి గడప తొక్కడు. అదిగో, అక్కడే వచ్చింది చిక్కు. పాతదాంట్లో మనిషి వస్తాడు. పొద్దస్తమానం ఆవిడ చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని వినేది డాక్టర్లు రికార్డు చేసి పంపిన గొంతులే. వాళ్ళు రోగాలు చెబుతుంటే టైపు చేయడం ఆవిడ పని. ఆ గొంతుల్లో ఒక్కటీ ఆవిడతో మాట్లాడదు. లైన్‌మన్ మాత్రం మాట్లాడతాడు. ఇంటర్నెట్ పెట్టె విప్పుతూ కూతురి లెక్కల మార్కులు, అత్తగారి మోకాళ్ళు, అన్నీ ఏకరువు పెడతాడు. పాపం, వైరు ఎవరు వదులు చేస్తున్నారో అతనికేం తెలుసు! ఆవిడే, పెట్టె వెనక చెయ్యి పెట్టి, వారం పది రోజులకోసారి. సిగ్గులేని పనే, ఆవిడకూ తెలుసు. అయినా మానలేకపోయింది, ఒంటరిగా ఉండి ఉండి ప్రాణం విసిగిపోయింది.

అతన్ని చూశాకే తేల్చుకుందామని ఆ రోజూ అదే పని చేసింది. మధ్యాహ్నానికి అతను వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు గానీ కూతురి ఊసెత్తలేదు.

"ఇక నేను రానక్కగారూ. ఒకే ఇంటినుంచి మాటిమాటికీ కంప్లయింటు వస్తే లైన్‌మన్‌కి పని రాదని రాసేస్తారు మావాళ్ళు. రేపట్నుంచి నన్ను గోడౌన్లో పడేస్తున్నారు, వైర్ల చుట్టలు ఎత్తిపెట్టే పని. మీ లైన్లో తప్పెక్కడుందో నాకూ అంతుచిక్కలేదు. మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను."

ఆవిడ నోరు మూసుకుంటే గుట్టు దక్కుతుంది, కానీ అతని పని పోతుంది. అతని చేతిలోని రిపేరు కాగితం లాక్కుని, కస్టమర్ రాయాల్సిన చోట రాసింది: "లైన్లో ఏ లోపమూ లేదు. పదకొండుసార్లూ నేనే వైరు వదులు చేశాను." కింద సంతకం పెట్టింది.

అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది ఇస్తే మీ కనెక్షన్ పీకేస్తారక్కా."

"పీకెయ్యనీ. నీ పని నీకు రావాలి."

"ఎందుకిలా చేశారు?"

"నువ్వొస్తావని," అంది ఆవిడ.

అతను కాగితం జేబులో పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "ఊరికే రమ్మని ఒక్క ఫోను చేసినా వచ్చేవాణ్ణి కదక్కా," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఫోను చేయడానికి ఆవిడ దగ్గరున్నది కంపెనీ నంబరే. అతని నంబరు ఏనాడూ అడగలేదు. అతను మెట్లు దిగుతుంటే ఇప్పుడైనా అడుగుదామనుకుంది గానీ నోరు రాలేదు.