గడిలో నాలుగు వేళ్ళు

"ఖాళీగానే ఉంటావు గదా, ఆదివారానికి నాన్న బొమ్మ గీసీ," అన్నాడు బుజ్జిబాబు, బూటు తాడు బిగించుకుంటూ.

ఆ మాట చెవిన పడేసరికి సత్యవాణి ఎడమ చేత్తో అతని క్యారియర్ మూత నొక్కుతోంది, కుడి చేత్తో పొంగబోయే పాలు దించుతోంది, అత్తగారి స్నానానికి పెట్టిన బకెట్ నిండిందో లేదో చెవితో చూసుకుంటోంది. ఇంతకన్నా ఖాళీగా ఎలా ఉండాలో ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమెకి ఇంకా పట్టుబడలేదు. బెంగాలీల నడుమ ఈ రైల్వే ఊళ్ళో పూరీ గేట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ మాత్రం వాణి ఖాళీ మనిషని తెలుసు. పిల్లల సైన్సు రికార్డుల్లో కప్పలూ మందార పువ్వులూ ఆమే గీసింది. పెళ్ళిళ్ళకి పీటల మీద ముగ్గులూ, ఏటా అమ్మవారికి చేసే మాతా పూజకి పందిరి వెనక తెరా ఆమే వేసింది. వేసినన్నాళ్ళూ "మా బుజ్జిబాబు గారింట్లో వేయించాం" అనేవారు. ఇల్లే కుంచె పట్టి వేసినట్టు.

ఈసారి బొమ్మ పెద్దది. తెలుగు సమితికి కొత్త హాలు కట్టారు, ఆదివారం ప్రారంభం. సమితి పెట్టిన నలుగురిలో బుజ్జిబాబు తండ్రి వెంకటరావు ఒకడు. ఆయన నిలువెత్తు బొమ్మ వేదిక మీద ఉండాలని కమిటీ తీర్మానించింది. చిక్కేమిటంటే ఆయనకి ఫొటోలు గిట్టవు. వయసులో ఉన్నప్పటిది సరిగ్గా ఒక్కటే దొరికింది, రైల్వే మెడికల్ కార్డు కోసం స్టూడియోలో దిగింది. మూడంగుళాల నలుపు తెలుపు ఫొటోలో ఆయన కుర్చీలో కూర్చున్నాడు, పక్కన భార్య సుజాతమ్మ నిలబడింది. ఫ్లెక్సు వేసేవాడు ఇంత చిన్నది పెంచితే మొహమంతా చుక్కలొస్తాయన్నాడు. ఫోనులో ఏదో యాప్ పెట్టి పెంచితే మావగారికి ఎవరివో తళతళలాడే పళ్ళు మొలిచాయి. బతికున్నన్నాళ్ళూ పళ్ళు కనిపించేలా నవ్వని మనిషి ఆయన. అప్పుడు గుర్తొచ్చింది బుజ్జిబాబుకి, ఇంట్లో గడులు గీసి బొమ్మ పెంచే మనిషి ఉందని.

వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి వచ్చాడు. వర్క్‌షాపులో ఇనుప రేకు మీద గుర్తు గీసుకునే స్క్రైబర్ ఎప్పుడూ అతని జేబులో ఉంటుంది. దేన్నయినా కోసే ముందు గీత పెట్టడం ముప్పై ఏళ్ళ ఫిట్టరు పని నేర్పిన అలవాటు. ఆ సూదిమొన తీసి, ఫొటో మీద తల్లికీ తండ్రికీ మధ్య పైనుంచి కిందికి చర్రున గీశాడు.

"ఇక్కడిదాకా సాలు. అమ్మెందుకు? గుడ్డ పన్నా ఎక్కువుంది, ఎడల్పులో సగానికి కోసీ."

ఇనుము మీదయితే గీత కోతతో పోతుంది. ఫొటో మీద తెల్లగా ఉండిపోయింది. స్నానానికి తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకొచ్చిన సుజాతమ్మ చూసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, కోడలి చేతిలో కాఫీ చల్లారితే వీధి వీధంతా వినేలా అనే మనిషి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వంటిల్లు సర్దుకుని వాణి ఒక ప్లాస్టిక్ కాగితం మీద పావంగుళం గడులు గీసి ఫొటో మీద పరిచింది. ఫొటోకి చెయ్యి తగలకూడదు, గీతలన్నీ పై కాగితం మీదే ఉండాలి. అది నాన్న నేర్పిన మర్యాద. పైన అడ్డంగా అ, ఆ, ఇ, ఈ. పక్కన నిలువుగా ఒకటి, రెండు, మూడు. ఫొటోలో పావంగుళం గడి గుడ్డ మీద ఆరంగుళాల గడి అవుతుంది. అరుగు గోడకి తెల్లగుడ్డ బిగించి, దారాన్ని నీలిమందు పొడిలో దొర్లిస్తుంటే ఆ వాసన ముక్కుకి తగిలింది. నలభై ఏళ్ళ కిందటి క్వార్టర్ అరుగు, అదే నీలి పొడి, మోకాళ్ళ మీద కూర్చున్న నాన్న.

నాన్న అప్పలస్వామి వర్క్‌షాపులో లెటర్ పెయింటర్. రైలు పెట్టెల మీద నంబర్లూ పేర్లూ రాసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఒళ్ళు కడుక్కుని, టీ తాగి, మాతా పూజ తెరలు వేసేవాడు. అగ్గిపెట్టె మీది బొమ్మంత అమ్మవారిని పదడుగుల అమ్మవారిని చేసేవాడు. దారం కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు కొస కదలకుండా పట్టుకుంటే, రెండో మనిషి బిగదీసి మధ్యలో మీటి వదలాలి. కొస పట్టుకునేది ఎప్పుడూ వాణే. వేలికి దారం కోసుకుపోయేది, ముక్కు మీద దోమ వాలేది. "ఎంతసేపు నాన్నా?" అంటే "నేను సెప్పీదాకా," అనేవాడు. ఠప్పున మీటేవాడు. గుడ్డ మీద నీలి గీత, వాణి ముక్కు మీద నీలి పొడి. అమ్మ గుమ్మంలోంచి చూసి నవ్వేది. ఆ నవ్వు కోసం ఇప్పుడైనా వాణి పది గడులు ఊరికే కొడుతుంది.

"ఒలే గుంటా, మొకం గీస్తన్నానని అనుకోకు," అనేవాడు నాన్న. "అనుకున్నావా, నీకు తెల్సిన మొకం ఒచ్చేస్తది. గడిలో ఏటుందో అది గియ్యి. నల్లగుంటే నలుపు, వొంపుంటే వొంపు. అమ్మోరి కన్నున్న గడైనా, వొట్టి ఆకాశమున్న గడైనా నీకొకటే." పన్నెండో ఏటికల్లా తెర కింది సగం వాణే వేసేది. కింది సగమే. "ఆడపిల్ల నిచ్చెనెక్కితే బాగోదమ్మా," అనేవాడు ఆ నాన్నే. పూజ నాడు జనమంతా అప్పలస్వామి చెయ్యి బంగారం అంటుంటే అమ్మవారి పాదాలూ సింహమూ తనవని ఎవరికీ చెప్పలేదు. నాన్న కూడా చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం కోపం. ఆయన పోయాక కోప్పడడానికి కూడా మనసొప్పదు, అందుకని ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

పెళ్ళికి నాన్న ఇచ్చిన డ్రాయింగ్ చెక్క వచ్చిన నెలకే ఈ ఇంట్లో బియ్యం డబ్బాకి మూత అయింది. "బొమ్మలు గీత్తే కూర ఉడుకుతాదేటి?" అని సుజాతమ్మ అంది. బుజ్జిబాబు నవ్వాడు. వాణి కూడా నవ్వింది, కొత్త కోడలు కదా. ఆ నవ్వు మీద మాత్రం ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"కొస నేను పట్టుకోనా?"

సుజాతమ్మ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది. మేకు కొడితే గుడ్డ చిరుగుతుంది, పట్టుకునే మనిషి కావాలి, వాణి సరేనంది. ముసలావిడ దారాన్ని వేలికి చుట్టుకుని గట్టిగానే పట్టింది. ఒక్కొక్క గీతా పడుతుంటే చిన్నపిల్లలా చూసింది. కొడుకు చెప్పిన కొలతకి ఆరు నిలువు వరసలు పడ్డాయి. మిగతా సగం గుడ్డ తెల్లగానే ఉంది. దాన్ని కొయ్యడానికి వాణికి చెయ్యి రాలేదు, మడిచి పక్కకి పిన్ను పెట్టింది.

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. ఒక్కొక్క గడీ భూతద్దం పెట్టి చూడడం, గుడ్డ మీద బొగ్గుతో దించడం. మావగారి నుదురు నాలుగు గడుల్లో వచ్చింది, మీసం రెండింటిలో. ఆయన మీద వాణికి పెద్ద ప్రేమా లేదు, పగా లేదు, గడిలో ఉన్నది గీసింది. ఆరో వరసలో నాలుగో గడికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆయన ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి.

కాగితం జరిపి మళ్ళీ చూసింది. అవి వేళ్ళే. సుజాతమ్మ చెయ్యి. మామూలు కంటికి చొక్కా మడతలా కనిపించే చోట నాలుగు సన్నటి వేళ్ళు, ఒకదానికి ఉంగరం. బుజ్జిబాబు గీసిన తెల్ల గీత సరిగ్గా మణికట్టు మీంచి దిగింది. గీతకి ఇవతల వేళ్ళు, అవతల మనిషి. నాన్న మాట ప్రకారం వాణి వేళ్ళు గీసింది.

సాయంత్రం వచ్చి బుజ్జిబాబు బొమ్మకి దూరంగా నిలబడి చూశాడు. తండ్రి కళ్ళు చూసి ఒక్క క్షణం టోపీ తీశాడు కూడా. తర్వాత భుజం దగ్గరకొచ్చాడు.

"ఇవేటి, ఏళ్ళా?"

"అత్తమ్మవి."

"సభలో అందరూ ఏటనుకుంటారు, భుజం మీద దెయ్యం సెయ్యేసినట్టుంది. సొక్కా ముడతలు సేసీ."

"ఫొటోలో ఉన్నాయండి."

"ఫొటో ఎవడు సూత్తాడే? ముడతలు సేసీ, అయిపోతాది." అదీ ఒక పనేనా అన్నట్టు చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నిజమే, అయిపోతుంది. నాలుగు రుద్దులు రుద్ది రెండు గీతలు గీస్తే వేళ్ళు ముడతలైపోతాయి. ఈ ఇంట్లో అలా ఎన్ని అయిపోలేదు. చెరిపేస్తే ఎవరికీ తెలియదన్న ఆ సులువే వాణిని రుద్దే గుడ్డ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళాక సుజాతమ్మ బొమ్మ ముందు నిలబడింది. బొమ్మలో తన వేళ్ళని తను ముట్టుకోబోయి, బొగ్గు అంటుతుందని ఆగింది.

"మాకు బొమ్మలంటే ఏటి తెల్సు," అంది, అడగకుండానే. "ఆ స్టూడియో బెంగాలీ దాదా ఉన్నాడే, ‘బౌదీ, దాదార్ కాంధే హాత్ రాఖున్’ అన్నాడు, ఆయన భుజం మీద సెయ్యెయ్యమని. నాకు సచ్చీంత సిగ్గు. నలుగురిలో, పట్టపగలు, మగోడి భుజం మీద సెయ్యెయ్యడమే. ఏసినాను. మీ మాంగారు తోసీలేదు. అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఒక్క ఆ రోజే."

వాణి బొగ్గుముక్క కింద పెట్టింది.

"సమితి మన అరుగు మీదే పెట్టినారు. ఇరవై మంది వొచ్చీవోరు, రోజూ. టీలు పెట్టి పెట్టి నా సేతులు కాలిపోయీవి. పేరేటి పెట్టాలని వాళ్ళు వాదులాడుకుంటే లోపల్నించి నేనే అన్నాను, తెలుగు సమితి అంటే సాలదా అని. ఆ మాట ఎవుడన్నాడో తర్వాత ఎవుడికీ గుర్తు లేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "పోన్లేవే. బాబు సెప్పినట్టు ముడతలు సేసీ. ఈ వయసులో నాకెందుకు."

చెప్పి లోపలికి వెళ్ళింది. వంటింట్లో ఏదో దబ్బున చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో బియ్యం డబ్బా మీది చెక్క ఉంది. తడిగుడ్డతో తుడిచింది, అయినా మధ్యలో గుండ్రంగా డబ్బా అంచు పడిన మరక పోలేదు. "ఫొటో దీని మీద పెట్టుకో, ఒంగోని సూత్తే నడుం పోతాది," అంది. డబ్బా మీద పళ్ళెం బోర్లించి వచ్చింది. వాణికి కళ్ళు మండాయి, బొగ్గు పడిందని కొంగుతో ఒత్తుకుంది.

చెక్క మీద ఫొటో పెట్టి, ప్లాస్టిక్ కాగితం మీద ఆరో గీత తర్వాత ఏడోది గీసింది. ఎనిమిది, తొమ్మిది, పది. గడులు ఎక్కడిదాకా వేస్తే బొమ్మ అక్కడిదాకా ఉంటుంది. గడికి పెద్దా చిన్నా తెలీదని నేర్పిన నాన్నే తనని నిచ్చెన ఎక్కనివ్వలేదు. అయినా నేర్పింది మాత్రం పనికొచ్చింది.

శనివారం బుజ్జిబాబుకి సెలవు. టీ గ్లాసుతో అరుగు మీదికి వచ్చేసరికి మడిచిన గుడ్డ విప్పి ఉంది. వెంకటరావు కుర్చీలో కూర్చున్నాడు, భుజం మీద నాలుగు వేళ్ళు అలాగే ఉన్నాయి, పక్కన మూడడుగుల తెల్లగుడ్డ ఎదురుచూస్తోంది. వాణి దారాన్ని నీలిమందులో దొర్లిస్తోంది. నిచ్చెన గోడకి వేసి ఉంది.

"కొయ్యమన్నాను గదా," అన్నాడు.

"కొయ్యను. అత్తమ్మని కూడా వేస్తున్నాను."

"కమిటీ అడిగింది నాన్ననే."

"అయితే కమిటీనే గీసుకోమనండి. గడిలో వేళ్ళున్నాయి, వేళ్ళకి చెయ్యుంది, చేతికి మనిషుంది. నేను చెరపను. కింద నా పేరు కూడా రాస్తాను."

ఆమె గొంతు పెంచలేదు. అతను తల్లి వైపు చూశాడు, ఆవిడైనా వద్దంటుందని. సుజాతమ్మ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"సేతులు ఖాళీ లేవు బాబూ," అంది తల ఎత్తకుండా. "కొస నువ్వు పట్టుకో."

టీ చల్లారుతోంది. రేపటికి బొమ్మ కావాలి, గీసే చెయ్యి ఇంకెక్కడా లేదు, ఆ లెక్క అతనికీ తెలుసు. గ్లాసు గట్టు మీద పెట్టి వచ్చి దారం కొస అందుకున్నాడు. వాణి రెండో కొస పట్టుకుని నిచ్చెన ఎక్కింది. మూడో మెట్టు, నాలుగో మెట్టు. పైనుంచి అరుగంతా కనిపించింది.

"నేలకి ఆనించి పట్టుకోండి. కదిలితే గీత వంకరొస్తుంది."

వంగి పట్టుకున్నాడు. దారం అతని వేలిని కొయ్యడం మొదలుపెట్టింది.

"ఎంతసేపే?" అన్నాడు.

"నేను చెప్పేదాకా," అంది వాణి. దారాన్ని బిగలాగి మీటింది.