పేరులేని పరికరం

మా మామగారిది సమదృష్టి. అందరినీ సమానంగా అనుమానిస్తారు. పాలు పలచబడితే పాలవాణ్ణి, పంచదార తగ్గితే నన్ను, రెండూ సరిగ్గా ఉంటే మేమిద్దరం ఏకమయ్యామని. అలాంటి మనిషికి మా ఆయన ఊరు వెళ్తూ, నెట్ ఆగితే చూసుకోమని రూటర్ సాఫ్ట్‌వేర్ అప్పగించి వెళ్లారు. కంప్యూటర్‌లో దాన్ని తెరిస్తే మన వైఫై వాడుతున్న ఫోన్లన్నీ తమ తమ గుర్తింపు నంబర్లతో వరసగా కనిపిస్తాయి. వద్దనుకున్నదాన్ని ఒక్క నొక్కుతో ఆపేయవచ్చు. కోతికి కొబ్బరికాయ దొరికిందంటారు గానీ, కోతి కనీసం దాని ముందు కుర్చీ వేసుకుని కాపలా కాయదు.

కాపలా ఫలించింది. 'పేరులేని పరికరం' అని ఒకటి తేలింది. మామగారు ఆపేశారు. కాసేపటికి ఇంకో నంబరుతో మళ్లీ వచ్చింది. పాస్‌వర్డ్ మార్చారు. అయినా వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ తెలిసింది ఆయనకు, నాకు, ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లో ఉంటున్న మా తమ్ముడికి. దాంతో వీధంతా తిరిగొచ్చిన అనుమానం తిన్నగా వెళ్లి వాడి మంచం మీద కూర్చుంది.

తమ్ముడు తన ఫోన్ ఆపేసి ఆయన ముందు పెట్టాడు. తెర మీద పేరులేనిది కదల్లేదు.

"ఆ రెండో ఫోన్ కూడా తియ్యి బాబూ," అన్నారు మామగారు చాలా మర్యాదగా.

వాడు వెళ్లి సంచి సర్దుకోసాగాడు. మర్నాడే వాడికి వీడియోలో ఇంటర్వ్యూ. వెళ్తానంటున్న స్నేహితుడి గదిలో నెట్ లేదు. వెళ్లొద్దని చెప్పడానికి పోయినదాన్ని, మాసిన బట్టలున్నాయా అంటూ వాడి సంచి తడిమాను. అనుమానం జలుబులాంటిది, ఒకరితో ఆగదు. సంచిలో సాక్సులు తప్ప ఏమీ లేవు.

"నువ్వు కూడానా అక్కా?"

"ఉతకడానికిరా," అన్నాను. వాడు నమ్మలేదు. నమ్మేలా నేనూ చెప్పలేదు.

మొహం చెల్లక వంటింట్లోకి వచ్చాను. ఛార్జింగులో పెట్టిన మామగారి ఫోన్‌లో వార్తల వీడియో నడుస్తోంది. హాల్లోంచి ఆయన, వెధవని ఆపేశానన్నారు. సరిగ్గా అప్పుడే వార్తలు చదివేవాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. నా చేతిలో గరిటె కూడా. ఆ ఫోన్‌లో వైఫై తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ దూరాడని హాల్లోంచి కేక. ఇంకోసారి తీసి పెట్టాను. ఇంకో కేక. మూడోసారి అవసరం లేదు గానీ, పెట్టాను.

సెట్టింగ్స్ చూస్తే, కలిసిన ప్రతిసారీ నంబరు మార్చుకునే మీట వేసి ఉంది. ఫోన్ తీసుకెళ్లి, ఇది మీరే పెట్టారా అని అడిగాను.

"నేనే. లేకపోతే మనమెవరమో బయటివాళ్లు కనిపెట్టెయ్యరూ?"

"వాళ్ల సంగతేమో గానీ మామయ్యగారూ, మీరే మిమ్మల్ని కనిపెట్టలేకపోతున్నారు."

ఆయన కళ్లముందే వైఫై తీశాను. తెర మీద దొంగ మాయమయ్యాడు. పెట్టాను, కొత్త నంబరుతో వచ్చాడు. మామగారు తెరను చూశారు, ఫోన్‌ను చూశారు, అలవాటు కొద్దీ నన్నూ ఒకసారి అనుమానంగా చూశారు. ఈలోగా తమ్ముడు సంచి తగిలించుకుని గుమ్మం దాటబోతున్నాడు. ఆయన గబగబా వెళ్లి సంచి పట్టీ పట్టుకున్నారు. పెదవులు కదిలాయి.

కుక్కర్ మోతలో వినబడలేదన్నాను. కుక్కర్ ఇంకా పొయ్యి ఎక్కనే లేదు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాదేనమ్మా," అన్నారు. తరువాత తమ్ముడి వైపు తిరిగి, "నాదేరా అబ్బాయ్. ఉండిపో."