వెండి కళ్లు

మంగంపేట ముగ్గురాయి గనిలో సుత్తి దెబ్బకు ఎగిరిన పెచ్చు జయరాజ్ ఎడమ కంట్లో దిగింది. గుడ్డు చీలింది, చూపు నరం తెగింది. ఆ కన్ను తొందరగా తీసేయాలి, లేకపోతే కుడి కన్నూ పోవచ్చు అంది కర్నూలు డాక్టరమ్మ.

రాయి తగిలింది ఎడమ కంటికైతే కుడి కన్నెందుకు పోతుందని అడిగింది తల్లి గిడ్డమ్మ. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"ఒంట్లో రోగాలతో పోట్లాడే కణాలుంటాయమ్మా. కంటి లోపల ఏముందో వాటికి తెలియదు. ఇప్పుడు గాయంలోంచి చూసేశాయి. దొంగ అనుకుని దాని మీద పడతాయి. రెండో కంట్లోనూ అదే ఉంది కదా, దాన్నీ వదలవు."

గిడ్డమ్మ తల ఊపింది. ఊపడానికేం, ఖర్చు లేని పని. ఆదోని అవతల తమ ఊరి మారెమ్మకు అప్పటికే వెండి కళ్లు మొక్కేసింది. జాతరలో కొడుకే తన చేత్తో పెట్టాలి.

"రెండు కండ్లకు మొక్కినా. ఒకటి తీపిచ్చుకొని ఏం మొగం పెట్టుకొని పోవల్ల? జాతర కానీ."

జయరాజ్‌కు కత్తి అంటే భయం. అమ్మ మొక్కు అతనికీ కలిసొచ్చింది.

కొన్ని వారాలకు కుడి కన్ను ఎర్రబడింది. వెలుతురు గుచ్చుకుంటోంది, ఎదురుగా అంతా పొగ. దుమ్ము పడుంటుందిలే అంది గిడ్డమ్మ. డాక్టరమ్మ ఫోన్ చేసి వెంటనే రమ్మంటే గిడ్డమ్మ వినకుండా పెట్టేసింది. లోపల కణాలు మాత్రం తమ పని తాము శ్రద్ధగా చేసుకుపోయాయి. కాపాడుతున్నామనే అనుకుని ఉంటాయి పాపం. గిడ్డమ్మా అదే అనుకుంది.

జాతరలో జయరాజ్ తల్లి భుజం వదల్లేదు. జనం ఎక్కువ కదా అనుకుందామె. పూజారి మైనం రాసిన వెండి కళ్లు అతని చేతిలో పెట్టాడు. ఒకటి అమ్మవారి గడ్డానికి అతుక్కుంది. రెండోది కింద పడింది. తాగొచ్చాడని వెనకాల ఎవరో నవ్వారు. గిడ్డమ్మకు తల కొట్టేసినట్టయింది.

"సక్కగ పెట్టురా," అని వీపు మీద చరిచింది.

"తాగలేదమ్మా," అన్నాడు జయరాజ్ మెల్లగా. "మారెమ్మ తల్లి మొగం యాడ ఉండాదో చూపీ."

గిడ్డమ్మ కింద పడిన కన్ను ఏరి, గడ్డానికున్నదాన్ని ఊడదీసింది. కొడుకు చెయ్యి పట్టుకుని రెండు కళ్లూ పెట్టించింది. తిన్నగా కూర్చున్నాయి. మొక్కు తీరింది, పక్కకు జరగమని పూజారి కసిరాడు.

ఎటు జరగాలో తెలియక జయరాజ్ అక్కడే నిలబడ్డాడు.