నేల వదలని బూట్లు

ఆదివారం పొద్దున. మిర్యాలగూడలో రైస్‌మిల్లు సుధాకర్ ఇంటి హాలు నిండా అట్టపెట్టెలు. సుధాకర్ కుర్చీలో కూర్చుని కాళ్లు చాపితే, మేనల్లుడు రాకేష్ కింద కూర్చుని ఆయనకు కొత్త బూట్లు తొడుగుతున్నాడు. బొజ్జ అడ్డమొచ్చి సుధాకర్ తన లేసులు తాను కట్టుకుని ఏళ్లయింది.

భార్య కౌసల్య వంటింటి గడపలో నిలబడి ఆ వైభవమంతా చూస్తోంది. మొగుడి చేతికి రెండు కర్రలు, నడవడానికట. వీపుసంచిలోంచి ఒక సన్నటి గొట్టం వచ్చి నోటి దగ్గర వేలాడుతోంది, నీళ్లు పీల్చుకోవడానికట. జిప్పు తీస్తే నిక్కరయ్యే ప్యాంటు. మెడ మీద గుడ్డ వేలాడే టోపీ. మిల్లు గేటు నుంచి ఆఫీసు గదికి కూడా స్కూటీ మీద పోయే మనిషికి ఇవన్నీ.

"పాలపీక మంచిగుంది," అంది కౌసల్య. "ఉయ్యాల ఏడ కట్టాలె?"

"అత్తా, గది నీళ్ల బ్యాగు," అన్నాడు రాకేష్. "మామా, పెండ్లికొడుకు లెక్కున్నవ్ పో!"

బూట్లు ఇంకా పూర్తిగా ఎక్కని సుధాకర్ కాళ్లు నేల మీంచి జానెడు లేచాయి.

"అవును, మూతి కుట్టిన బియ్యం బస్తా లెక్కున్నడు," అంది కౌసల్య. కాళ్లు కిందికి దిగాయి.

పొగిడితే లేవడం సుధాకర్‌కు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. వాళ్ల నాయనకూ ఉండేది. కౌసల్యతో పెళ్లిలో అయ్యగారు వరుణ్ని రాముడితో పోల్చగానే సుధాకర్ పీట మీంచి పైకి లేచాడు. అత్తగారు కౌసల్య చెవిలో, "ఏదన్న ఒక మాట అను బిడ్డా, దిగుతడు. ఇగ నీ పనే గది," అంది. అప్పటి నుంచి అదే పని. మొదట్లో తిట్లు వెతుక్కునేది. తర్వాత వెతకాల్సిన పనే లేకపోయింది. మొగుణ్ని నేల మీద నిలపడానికి మొదలుపెట్టిన చులకన ఎప్పుడు నిజమైందో ఆమె కూడా గమనించలేదు.

మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. సుధాకర్‌కు చైర్మన్ కావాలని ఉంది. అడవిలో నడిచే వీడియోలు పెడితే కుర్రాళ్ల ఓట్లు పడతాయని రాకేష్ చెప్పాడు. ఆ రాకేషే నిన్న వరండాలో ఫోన్ పట్టుకుని, "మామది కాదన్నా, టికెట్‌కు నా పేరే పంపు. మామను నేను అడవిల తిప్పుకుంట ఉంట," అనడం చాయ్ తెచ్చిన కౌసల్య విన్నది. మొగుడికి చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన మొహం ఎట్లుంటదో చూడాలని ఆమెకు మహా కోరికగా ఉంది.

బూట్లు మాత్రం ఆమెకు నచ్చాయి. ఒక్కోటి ఇనుప గుండులా ఉంది. ఈ బరువుకు మనిషి లేవడు, ఇయ్యాల నోటికి కొంచెం ఆరాం అనుకుని, పులిహోర డబ్బా పట్టుకుని సుధాకర్ నడిపే కారెక్కింది. వెనక బండి మీద రాకేష్, వీడియోలు తీసే శ్రీను.

హాలియా దాటి, పెద్దవూర దాటి, అడవి అంచున ఆగారు. సీతాఫలం పొదలు, తునికి చెట్లు, మధ్యలో మేకలు నడిచి నడిచి పడిన బాట. కౌసల్య హవాయి చెప్పులతో ముందు నడిచింది. వెనక సుధాకర్ కర్రలు కాళ్లకు అడ్డం పెట్టుకుని, గొట్టం చీకుతూ, ఎద్దులా రొప్పుతూ వస్తున్నాడు.

"అన్నా, ఏం నడకనే! పులి నడిచినట్టుంది," అన్నాడు శ్రీను.

"పులికి పిక్కలు పట్టినయట, జర ఆగుండ్రి," అంది కౌసల్య వెనక్కి తిరగకుండానే.

బూట్లు బాగానే పనిచేశాయి. శ్రీను ఎంత పొగిడినా సుధాకర్ నేల మీదే ఉన్నాడు. అది చూసి రాకేష్‌కు హుషారొచ్చింది. "చైర్మన్ అంటే నువ్వే మామా! నీ ముందల నిలవడెటోడు ఈ జిల్లాలనే లేడు!"

లేసులు కట్టింది రాకేష్. వాడు ఏ పనీ గట్టిగా చేసిన పాపాన పోలేదు. సుధాకర్ పాదాలు బూట్లలోంచి జారి బయటికొచ్చాయి. బూట్లు రెండూ బాట మీదే నిలబడ్డాయి, మనిషి మేజోళ్లతో తునికి చెట్ల పైకి వెళ్లిపోయాడు. గాలి సాగర్ నీళ్ల వైపు కొడుతోంది.

సీతాఫలాలు తెంపుతున్న సుక్కి అనే తండా ఆమె తలెత్తి, "గాలిల పోతుండు, మీ మనిషేనా? ఆ గుట్ట దాటితే అంత నీళ్లే," అని చెప్పి మళ్లీ పండ్ల మీద పడింది.

"మామా, భయపడకు! నీ అంత ధైర్యం ఎవలికున్నది!" అని అరిచాడు రాకేష్. సుధాకర్ ఇంకాస్త పైకి లేచాడు.

"నోర్ముయ్‌రా!" అంటూ కౌసల్య కొంగు దోపుకుని కింద పరిగెత్తింది. "ఓ బియ్యం బస్తా! సిగ్గులేదా? లేసు కట్టుకోరాదు గని ఊరు ఏలుతవా? దిగు!"

ఆయన దిగలేదు. "అవన్ని ఎప్పుడు ఇనేటియే గదనే!" అన్నాడు పైనుంచి.

కౌసల్య ఆగి చూసింది. టోపీ ఎక్కడో పడిపోయింది. బట్టతల ఎండకు మెరుస్తోంది. ఆ మొహంలో గర్వం లేదు, చైర్మనూ లేడు. జాతరలో తప్పిపోయిన పిల్లాడి మొహం అది. ఇన్నేళ్లు విసిరిన మాటలన్నీ అరిగిపోయి దూదిపింజలైనాయని ఆమెకు అప్పుడు అర్థమైంది. గుట్ట దగ్గర పడుతోంది.

"ఇగో, ఇను," అంది, ఈసారి అరవకుండా. "టికెట్‌కు రాకేష్ వాని పేరే పంపిండు. నిన్న ఫోన్ల అంటుంటె నా చెవులతోని ఇన్న. నీకు చెప్పలే."

సుధాకర్ కింద రాకేష్ వైపు చూశాడు. రాకేష్ ఫోన్‌లోకి చూసుకున్నాడు.

దిగడం మొదలైంది. కొమ్మలు విరుచుకుంటూ, గీరుకుంటూ వచ్చి సుధాకర్ మోకాళ్ల మీద పడ్డాడు. చూడాలనుకున్న మొహం కౌసల్య ముందే ఉంది. నవ్వు రాలేదు. వెనక బండి స్టార్టయి వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. ఆమె ఆయన అరచేతుల్లోంచి ముళ్లు తీసి, బూట్లు తెచ్చి తొడిగి, లేసులు గట్టిగా ముడేసింది.

రాకేష్ తన పేరుతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టాడు. సుధాకర్ మిల్లుకు నడిచి వెళ్లడం మొదలుపెట్టాడు. దసరాకు మిల్లు హమాలీలు దండ వేసి ఎంత పొగిడినా ఆయన కాలు కదల్లేదు. ఇక మళ్లీ ఎన్నడూ లేవలేదు. కౌసల్యకు పని లేకుండా పోయింది. నోటి దాకా వచ్చిన తిట్టును ఏం చేసుకోవాలో తెలియక మింగేసేది.

ఒక మధ్యాహ్నం ఆయన ఎవరూ చెప్పకుండానే వంటింట్లో కారుతున్న నల్లా విప్పి, వాషర్ మార్చి బిగించాడు. చుక్క కారడం లేదు.

"మంచిగ చేసినవ్," అంది కౌసల్య. అనేశాక ఆయన పాదాల వంక చూసింది. బండల మీద బల్లపరుపుగా ఉన్నాయి.

సుధాకర్ పానా కింద పెట్టి అనుమానంగా చూశాడు. ఆయన్ను పొగిడినవాళ్లందరికీ ఏదో ఒకటి కావలసే ఉండేది. "ఏం గావాలె నీకు?" అన్నాడు.

అడిగింది అనుమానంతోనే. కానీ ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. కౌసల్య స్టూలు లాక్కుని కూర్చుని నిజంగానే ఆలోచించింది.

"కారు నేర్చుకుంట," అంది. ఆయన నవ్వుతాడని ఒళ్లు బిగబట్టుకుంది.

ఆయన నవ్వలేదు. చేతులు తుడుచుకుని కిటికీలోంచి మిల్లు వైపు చూశాడు.

"ఇయ్యాల లారీలు రాలే. వడ్లు ఆరబోసే కల్లమంత ఖాళీగుంది," అన్నాడు, కారు తాళాలు అందుకుంటూ. "పా."